జనవరి అర్ధరాత్రి బెడ్రూమ్‌లో 39 డిగ్రీలు: మోడల్ చెక్ సర్వీస్ రివ్యూ

మధురవాడలో కట్టుకుంటున్న ఇంట్లో ఏ గంటకి ఎంత వేడి ఉంటుందో లెక్కకట్టే ఎనర్జీప్లస్‌లో సిమ్యులేషన్ (కంప్యూటర్లో ఇంటి మోడల్) నేనే చేసుకున్నా, ఫ్రీ సాఫ్ట్‌వేర్ కదా అని. రిజల్ట్ చూస్తే జనవరి రాత్రి రెండింటికి బెడ్రూమ్‌లో 39 డిగ్రీలు! మన వైజాగ్‌లో రోహిణి కార్తెలో కూడా రాత్రిపూట అంత ఉండదు కదండీ. వారం రోజులు కిటికీ అద్దాలు మార్చి మార్చి విసుగొచ్చి, ఇలాంటి మోడల్స్ చూసిపెట్టే ఒక చిన్న ఆఫీసుకి పట్టుకెళ్లా.

అక్కడి కుర్రాడు అద్దాల జోలికే పోలేదు. రాత్రిపూట ఏదో ఒక గంట లెక్క తీసి వేడి ఎక్కణ్ణించి వస్తోందో విడివిడిగా చూపించాడు, ఎండ లేనప్పుడు కూడా ఉడుకుతోందంటే లోపలిదే సార్ అని. తీరా చూస్తే లోపలి సామాన్ల వేడి కింద రూమ్ మొత్తానికి అనుకుని నేను కొట్టిన 150 వాట్లు చదరపు మీటరుకి 150 కింద పడ్డాయి, 14 చదరపు మీటర్ల రూమ్ అంటే 2100 వాట్లు, అంటే గీజర్ ఆన్ చేసి మర్చిపోయినట్టే. పైగా గాలి లీకేజీ సున్నా, షెడ్యూల్లో కిటికీలు ఏడాదంతా మూసే ఉన్నాయి. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నేల టెంపరేచర్ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్ 18 డిగ్రీలే ఉంటే, మన ఊరికి అది తక్కువని అదీ పెంచాడు, దానివల్ల వేడి కాస్త పెరిగిందనుకోండి, కానీ అదే కరెక్ట్. ఇప్పుడు జనవరి రాత్రి 25. మేలో పడమటి గది మాత్రం ఇంకా 35, అది నిజం వేడే, సన్‌షేడ్ పెంచమన్నాడు.

రిపోర్ట్ నాలుగు రోజులు లేటు, ఫోన్ ఎత్తరు. నాలుగు స్టార్లు.