కింది కబోర్డుకు ఏది మేలు: అరలా, లాగే ట్రేలా, సొరుగులా?

వంటగట్టు కింది కబోర్డు లోతు దాదాపు 55 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. గోడ మీది కబోర్డు లోతు 30, 35కు మించదు. అందుకే పైన పెట్టినవి కళ్లెదుటే ఉంటాయి, కింద పెట్టినవి వెనక్కి జరిగి మాయమవుతాయి. ఉన్న డబ్బా కనపడక ఇంకో డబ్బా కొనడం ఇక్కడే మొదలవుతుంది. పై కబోర్డులకు మామూలు అరలే సరిపోతాయి. కంటికి ఎత్తున సొరుగు పెడితే అందులోకి తొంగిచూడటం కుదరదు. ఏది పెట్టాలన్న ప్రశ్న కింది వాటికే.

అయితే ఏది పెట్టినా ముందు సామాను తగ్గాలి. ఒక్కో కబోర్డు ఖాళీ చేసుకుంటూ పోతే ఒకే రకం వస్తువు మూడు చోట్ల ఉందన్న సంగతి తెలియదు. రకం వారీగా తీయండి: ఇవాళ డబ్బాలు, మూతలు మాత్రమే. అన్నీ నేల మీద పోసి జత కట్టండి. జత దొరకని మూతను దాచకండి, దాని డబ్బా ఇక రాదు. అటో ఇటో తేల్చుకోలేనివి ఒక అట్టపెట్టెలో వేసి, మీద తేదీ రాసి, వేరే గదిలో పెట్టండి. ఆరు నెలల్లో వెతుక్కోనిది ఇచ్చేయొచ్చు. ఈ పని అయ్యాక చాలా ఇళ్లలో కొత్తగా ఏదీ బిగించాల్సిన అవసరమే ఉండదు.

ఉన్న అరలే ఉంచితే

కదిలే భాగాలు లేవు కాబట్టి చెడిపోయేదీ లేదు. బరువైన కుక్కర్లు, పెద్ద గిన్నెలకు ఇదే నయం. చిక్కల్లా అర ఎత్తుతోనే. 72 సెంటీమీటర్ల కబోర్డులో మధ్యన ఒకే అర ఉంటే, పొట్టి గిన్నెల మీద జానెడు చోటు ఖాళీగా పోతుంది. పక్క చెక్కల్లో రంధ్రాల వరుస ఉందేమో చూడండి. చాలా రెడీమేడ్ కబోర్డుల్లో ఇవి 32 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి, పిన్నులు తీసి అర జరుపుకోవచ్చు. అక్కడ పెట్టే వాటిలో ఎత్తైనది కొలిచి, చెయ్యి ఆడటానికి మరో 4, 5 సెంటీమీటర్లు కలిపితే చాలు.

అర పొడవు 60 సెంటీమీటర్లలోపు ఉంటే 18 మిల్లీమీటర్ల చెక్క వంగదు. 90 ఉండి, అదీ పార్టికల్ బోర్డయితే (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) కొన్నేళ్లకు నడుము వంచుతుంది. ముందంచు కింద 4 సెంటీమీటర్ల చెక్క పట్టీ నిలువుగా బిగిస్తే ఆగుతుంది.

వెనక వరుస కోసం, పిడి ఉన్న పొడవాటి టబ్బులు అర లోతుకు తగ్గట్టు పెట్టండి. టబ్బు లాగితే వెనకది ముందుకొస్తుంది. తక్కువ ఖర్చులో దొరికే సొరుగు ఇదే. మూలలు నిటారుగా ఉన్నవి తీసుకోండి, అడుగుకు సన్నబడే టబ్బులు పక్కపక్కన పెడితే మధ్యలో చోటు పోతుంది.

లాగే ట్రేలు

ఉన్న కబోర్డు తలుపు అలాగే ఉంచి లోపల బిగించేవి. అందరూ తప్పు చేసేది కొలతల్లోనే. పక్క ఛానెల్, అంటే ట్రే జారే లోహపు పట్టా, ఒక్కోవైపు 13 మిల్లీమీటర్లు తింటుంది. తెరిచిన తలుపుకు, హింజ్‌కు తగలకుండా ఆ వైపు 25 మిల్లీమీటర్ల పట్టీ వేయాలి. ట్రే గోడలు రెండూ కలిపి మరో 24. లోపలి వెడల్పు 40 సెంటీమీటర్లుంటే చివరికి మిగిలేది 32, 33. రెండు తలుపులుంటే పట్టీలూ రెండే, ఇంకా తగ్గుతుంది. కాబట్టి 40 కంటే ఇరుకు కబోర్డుకు ట్రేలు దండగ.

ఛానెల్ పూర్తిగా బయటికొచ్చే రకమే కొనండి. ముప్పావు వంతు వచ్చేదానితో వెనక పావు భాగం మళ్లీ చీకట్లోనే ఉంటుంది. రెండు ఛానెళ్లు ఒకే మట్టంలో లేకపోతే ట్రే బిగుసుకుంటుంది. రెండూ ముందుకు వాలితే దానంతటదే జారుతుంది. తీగ బుట్టలు చూడటానికి బాగుంటాయి కానీ చిన్న సీసాలు వాటిలో నిలవవు, అతుకుల దగ్గర తుప్పు మొదలవుతుంది.

పూర్తి సొరుగులు

కొత్తగా కట్టిస్తుంటే ఇవే మేలు. తలుపు తీయడం, ట్రే లాగడం రెండు పనులు. సొరుగుకు ఒక్క లాగుడే. పైది 12 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు, గరిటెలకు. కింద రెండు లోతైనవి, గిన్నెలకూ పళ్లేలకూ. పైనుంచి చూస్తాం కాబట్టి డబ్బా పేరు మూత మీద రాయాలి. నిలువు సీసాలు ఇందులో ఇమడవు, వాటికి ఒక అరల కబోర్డు ఉంచుకోవాల్సిందే.

బరువు లెక్క మరవకండి. ఒకదానిలోంచి ఒకటి జారే మామూలు టెలిస్కోపిక్ ఛానెల్ జత 35 నుంచి 45 కిలోలు మోస్తుంది. 27 సెంటీమీటర్ల పింగాణీ పళ్లెం ఒక్కోటి 600 గ్రాములకు పైనే తూగుతుంది, రెండు డజన్లంటే 15 కిలోలు. 90 సెంటీమీటర్ల వెడల్పు సొరుగులో ఛానెల్ కంటే ముందు అడుగుచెక్కే ఓడిపోతుంది. 6 మిల్లీమీటర్లది వంగి గాడిలోంచి ఊడుతుంది, 12 అయినా వేయించండి.

రెండు మొండి చోట్లు

సింకు కింద పైపులుంటాయి కాబట్టి పిడి టబ్బులే గతి. ఏదైనా కారితే వెంటనే తీసి తుడవొచ్చు. మూల కబోర్డులో తిరిగే పళ్లెం పెడితే చతురస్రంలో వృత్తం లెక్కన చోటు 78 శాతమే వాడుకలోకి వస్తుంది. అయినా చెయ్యందని నూటికి నూరు కంటే అదే నయం. అంచు మాత్రం రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తైనా ఉండాలి. లేకపోతే తిప్పినప్పుడు జారిన సీసా వెనక మూలలో పడుతుంది, దాన్ని తీయాలంటే పళ్లెం విప్పాల్సి రావచ్చు.