తొమ్మిదేళ్ల బరువుల సాధనలో నాతో నిలిచిన నోటుపుస్తకం: దీర్ఘకాల వాడకం తరువాత నా సమీక్ష

బరువుల కసరత్తు మొదలుపెట్టి నాకు తొమ్మిదేళ్లు నిండాయి. ఈ కాలంలో వాడి పక్కన పెట్టేసిన వస్తువులు చాలానే ఉన్నాయి: రెండు జతల బూట్లు, ఒక తోలు బెల్టు, మణికట్టు పట్టీలు, గుండె వేగం చూపే చేతి గడియారం, ఒక మొబైల్ యాప్. మధ్యలో పద్నాలుగు నెలలు మినహాయిస్తే, మొదటి రోజు నుంచి నేటి వరకు నాతో ఉన్నవి రెండు వందల పేజీల గీతల నోటుపుస్తకం, ఒక పెన్సిలు మాత్రమే. ఒక్కో రోజు కసరత్తుకు ఒక్కో పేజీ చొప్పున రాస్తూ వచ్చాను. ఇప్పుడు ఐదో పుస్తకంలో 172వ పేజీ దగ్గర ఉన్నాను; అంటే 972 రోజుల లెక్క నా చేతిలో ఉంది. ఉత్సాహం తగ్గిన నెలల్లో కూడా మనిషిని బరువులెత్తే ఇనుప కడ్డీ (బార్) దగ్గరకు తీసుకురావడంలో ఈ సాధనం ఎంతవరకు పనిచేసింది, ఎక్కడ నన్ను దెబ్బతీసింది, దాన్ని ఎలా మార్చుకుంటే మళ్లీ పనికివచ్చింది అన్న విషయాలకే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

మొదటి పేజీలో ఉన్నది దాదాపు ఒకే వరుస: స్క్వాట్, 20 కిలోలు, మూడు సెట్లు, సెట్టుకు ఐదు రెప్స్. స్క్వాట్ అంటే బార్‌ను భుజాల మీద మోస్తూ కూర్చుని లేవడం. ఒక్కసారి చేస్తే ఒక రెప్, ఆగకుండా వరుసగా చేసిన రెప్స్ అన్నీ కలిపితే ఒక సెట్టు. 20 కిలోలంటే చివర్లకు ప్లేట్లు (గుండ్రటి బరువు బిళ్లలు) ఏవీ ఎక్కించని ఖాళీ బార్ బరువు. వారానికి మూడు రోజులు వెళ్తూ, వీలైనప్పుడల్లా 2.5 కిలోలు పెంచుతూ పోతే ఐదు నెలలకు 85 కిలోల దగ్గర ఆగాను. ఆ ఐదు నెలల్లో అద్దంలో కనిపించిన మార్పు చాలా స్వల్పం. ఇది వింతేమీ కాదు. తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం, ఉన్న కండరాన్నే పూర్తిగా, పొందికగా పనిచేయించడం నాడీవ్యవస్థ నేర్చుకోవడం వల్ల వస్తుంది. కండరం కంటికి కనిపించేంతగా పెరగడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అద్దాన్ని నమ్ముకున్నవారు రెండో నెలలోనో మూడో నెలలోనో నిరాశపడి మానేయడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం. నోటుపుస్తకం అక్కడే ఆదుకుంది. నాలుగు వారాల వెనక్కి పేజీలు తిప్పితే, అప్పట్లో మూడో సెట్టులో ఆయాసపడిన బరువు ఇవాళ వార్మప్‌లో (ముందుగా ఒళ్లు వేడెక్కించే తేలిక సెట్లలో) భాగమై ఉండేది. ఆ సంతోషం ఎవరో మెచ్చుకుంటే కలిగేది కాదు. నా చేతి రాతలోనే కనిపిస్తున్న నిజం కాబట్టి దాన్ని కాదనడానికి నాకే వీలుండేది కాదు.

బరువును లెక్క ప్రకారం పెంచుకుంటూ పోవడమన్న పద్ధతికీ రాసుకోవడానికీ విడదీయరాని సంబంధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు చికిత్స చేసిన అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్, దెబ్బతిన్న మోకాళ్ల చుట్టూ కండరాలకు బలం తిరిగి తేవడానికి క్రమంగా పెరిగే బరువులతో వ్యాయామం చేయించి, ఆ ఫలితాలను 1945లో ప్రచురించాడు. రోగి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును ఆయన కొలమానంగా తీసుకున్నాడు. తరువాత సహచరుడు వాట్కిన్స్‌తో కలిసి ఆ పద్ధతిని మూడు సెట్లకు కుదించినప్పుడు మొదటి సెట్టు ఆ బరువులో సగంతో, రెండోది ముప్పావుతో, మూడోది పూర్తి బరువుతో చేయించాడు. కిందటి వారం ఎంత ఎత్తారో కచ్చితంగా తెలియకపోతే ఈ పద్ధతి ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు. గుర్తుంటుందిలే అనుకుని రాయకుండా వదిలేసిన రోజుల తరువాత, నేను ప్రతిసారీ నిజంగా ఎత్తినదానికంటే తక్కువ బరువుతోనే మళ్లీ మొదలుపెట్టేవాడిని.

పైన చెప్పిన పద్నాలుగు నెలల విరామం యాప్ వల్ల వచ్చింది. రెండో సంవత్సరంలో, గ్రాఫులు చూసి ముచ్చటపడి, పుస్తకం మానేసి ఒక యాప్‌కు మారాను. రాయడం సులువు, సెట్ల మధ్య విశ్రాంతి సమయం అదే లెక్కపెట్టేది, నెలాఖరున ఎంత బరువు ఎత్తానో మొత్తంగా చూపించేది. ఒక రోజు ఆ సేవ ఆగిపోయింది. ముందుగా ఒక సందేశం వచ్చిందట. నేను చూసేసరికి గడువు దాటిపోయింది. పద్నాలుగు నెలల లెక్క పూర్తిగా పోయింది. నాకు ఎక్కువ బాధ కలిగించింది అంకెలు పోవడం కాదు. ఆ తరువాత మూడు వారాలు కసరత్తుకు వెళ్లాలనే అనిపించలేదు, ఎందుకంటే దేనికి కొనసాగింపుగా వెళ్తున్నానో నాకే తెలియలేదు. యాప్ వాడేవారికి నేను చెప్పేది ఒక్కటే: నెలకోసారి మీ లెక్కను బయటికి తీసి మరోచోట దాచుకోగల వీలు ఉందో లేదో చూసుకున్న తరువాతే అందులో రాయడం మొదలుపెట్టండి. నేను మాత్రం కాగితానికి తిరిగి వచ్చాను.

ఇక ఈ సమీక్షలో అతి ముఖ్యమైన భాగం, నోటుపుస్తకం లోపం. మొదట్లో అది నాకు తోడుగా ఉంది. నాలుగో సంవత్సరానికి అదే నన్ను తరిమే కొరడాగా మారింది. అప్పటికి తరచూ 2.5 కిలోలు పెరిగే రోజులు ఎప్పుడో పోయాయి. కొన్నేళ్లు సాధన చేసిన శరీరం నెలకు ఒక్కసారి పెరిగినా మంచిదే. కానీ నా పేజీలో బరువుకు తప్ప మరి దేనికీ గడి లేదు. ఆ గడిలో వరుసగా ఆరు వారాలు 110 అనే అంకే కనబడితే, ఆ ఆరు వారాలూ నేనేమీ చేయనట్టే తోచేది. నిద్ర చాలని రోజున కూడా, పేజీలో పెద్ద అంకె కనిపించాలన్న పట్టుదలతో బరువు పెంచాను. డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది బార్‌ను ఎత్తి నిటారుగా నిలబడే కసరత్తులో, నాలుగో రెప్‌కు నడుము వంగినట్టు తెలుస్తూనే ఉంది. ఐదోది వదిలేస్తే పేజీలో వరుస అసంపూర్ణంగా మిగులుతుందని ఎత్తాను. బార్ మోకాళ్లు దాటేలోపే నడుము కింది భాగంలో కుడివైపు పట్టేసింది. ఆ రోజు పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. చివరి వరుసలో అంకె సగంలో ఆగిపోయి, పెన్సిలు గీత కిందికి జారిపోయి ఉంటుంది.

వైద్యపరీక్షలో పెద్ద ప్రమాదమేమీ లేదని తేలింది. పది రోజులు నడక, ఆ తరువాత తేలికపాటి కదలికలు, ఆరో వారంలో మళ్లీ ఖాళీ బార్. నాలుగేళ్ల తరువాత పేజీలో మళ్లీ 20 అని రాయవలసి వచ్చినప్పుడు నేను చాలాసేపు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. అరచేతుల్లో కాయలు మెత్తబడిపోయాయి. బార్ మీది గరుకు గీతలు మొదటి రోజున గుచ్చుకున్నట్టే గుచ్చుకున్నాయి. అయినా ఒక తేడా ఉంది. మొదటిసారి 20 నుంచి 85కు చేరడానికి ఐదు నెలలు పడితే, ఈసారి తొమ్మిది వారాలే పట్టింది. ఒకసారి సంపాదించిన బలం విరామం తరువాత తొందరగా తిరిగి వస్తుందని సాధన చేసేవారందరూ చెప్పే మాటే ఇది. కానీ రెండు పుస్తకాలను పక్కపక్కన తెరిచి తేదీలు పోల్చుకున్నప్పుడే దాన్ని నేను నిజంగా నమ్మాను. మానేయాలన్న ఆలోచన ఆ పోలికతోనే పోయింది.

ఆ తరువాత పేజీ రూపం మార్చాను, నా అసలు సిఫారసు ఈ రెండో రూపానికే. బరువు గడి పక్కనే, ఇంకా ఎన్ని రెప్స్ చేయగల శక్తి మిగిలి ఉండగా ఆపానో రాస్తాను. 110 కిలోలు ఐదు రెప్స్, మిగిలినవి సున్నా అని ఒక వారం ఉండి, నెల తరువాత అదే 110 కిలోలు, అవే ఐదు రెప్స్, మిగిలినవి రెండు అని ఉంటే, బరువు మారకపోయినా బలం పెరిగిందని అర్థం. పాత పేజీకి ఈ పెరుగుదలను చూసే కన్నే లేదు. దీనితోపాటు, ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువును రెప్స్ నుంచి అంచనా వేసే ఎప్లీ సూత్రాన్ని వాడుతున్నాను. రెప్స్ సంఖ్యను 30తో భాగించి, ఒకటి కలిపి, ఎత్తిన బరువుతో గుణించాలి. 100 కిలోలను ఐదుసార్లు ఎత్తితే అంచనా సుమారు 117 కిలోలు. ఎనిమిదిసార్లు ఎత్తితే సుమారు 127. రెప్స్ పది దాటితే ఈ అంచనా నమ్మదగినదిగా ఉండదు కానీ, ఐదు, ఆరు రెప్స్ మధ్య నాకు బాగానే సరిపోయింది. గరిష్ఠ బరువును నిజంగా ఎత్తి చూసుకోవలసిన అవసరం ఏడాదికి ఒక్కసారికి తగ్గిపోయింది.

చిన్న ప్లేట్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పేజీ నింపేది అవే. స్క్వాట్‌లో 100 కిలోల మీద 2.5 కిలోలు పెంచడమంటే రెండున్నర శాతం. భుజాల మీదుగా పైకి నెట్టే ప్రెస్‌లో 40 కిలోల మీద అదే 2.5 కిలోలు ఆరు శాతానికి మించిన పెంపు. ప్రెస్‌లో చాలామంది నెలల తరబడి ఒకేచోట ఆగిపోయి విసిగిపోవడానికి ఈ లెక్కే కారణం. అర కిలో ప్లేట్లు ఒక జత చేరాక నా ప్రెస్ వరుసలు కిలో చొప్పున మళ్లీ కదిలాయి. అర కిలో ప్లేటు అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని ఎక్కించుకోవడానికి మొదట్లో నాకు మొహమాటంగా ఉండేది. ఆ మొహమాటం వల్ల దాదాపు ఒక సంవత్సరం పోగొట్టుకున్నాను.

వెళ్లని రోజుల సంగతి. పాత పద్ధతిలో వెళ్లని రోజుకు పేజీలో చోటే లేదు, కాబట్టి ఆ రోజులు నా మనసులో తప్పులుగా పేరుకుపోయేవి. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పడుతుందనీ, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు మారుతుందనీ తేలింది. ఆ 66 అనే అంకెను అందరూ చెబుతారు. నాకు ఎక్కువ ఉపయోగపడింది అదే అధ్యయనంలోని మరో ఫలితం: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం చెప్పుకోదగ్గంతగా చెడిపోలేదు. అందుకని ఇప్పుడు తప్పిన రోజు తేదీ కూడా రాసి, కారణం ఒక్క మాటలో పెడతాను: జ్వరం, ప్రయాణం, పని, విసుగు. విసుగు అని వరుసగా మూడుసార్లు కనిపిస్తే కసరత్తులు మార్చాల్సిన సమయం వచ్చిందని తెలుసుకుంటాను. ఆ ఒక్క మాట తప్పును సమాచారంగా మార్చేసింది.

బాగా ఒత్తిడి ఉన్న నెలల కోసం నాకొక కనీస నియమం ఉంది: వారానికి ఒక్క రోజైనా వెళ్లి, ఒక్కో ప్రధాన కసరత్తులో వార్మప్ తరువాత ఒక్క గట్టి సెట్టు చేయాలి. ఇది ఆత్మవంచన కాదా అని మొదట అనుకున్నాను. అయితే 2011లో వెలువడిన బికెల్ బృందం అధ్యయనంలో, పదహారు వారాలు గట్టిగా సాధన చేసినవారు ఆ తరువాత 32 వారాలపాటు పనిని తొమ్మిదో వంతుకు తగ్గించినా, సాధించిన బలం చాలావరకు నిలిచింది. పెరిగిన కండర పరిమాణాన్ని నిలుపుకోవడానికి మాత్రం పెద్ద వయసు వారికి అంతకంటే ఎక్కువ పని అవసరమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కండర బలం పెంచే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయమంటున్నాయి కాబట్టి ఒక్క రోజును నేను లక్ష్యంగా పెట్టుకోను. మానేయకుండా ఉండడానికి గీసుకున్న అడుగు గీత మాత్రమే అది. పుస్తకంలో లెక్క ఉన్న కాలానికి నా సగటు వారానికి రెండున్నర రోజులకు కాస్త తక్కువగా ఉంది. ఏ ఒక్క వారం చూసినా గొప్పగా అనిపించదు. ఏడో సంవత్సరంలో ఎత్తిన 130 కిలోల స్క్వాట్ ఆ సగటు వారాల మీదే నిలబడింది.

ఈ పద్ధతి అందరికీ నప్పుతుందని నేను చెప్పను. అంకె చూడగానే ఆందోళనపడేవారు, తిండి విషయంలోనో శరీరం బరువు విషయంలోనో లెక్కలతో ఇదివరకే ఇబ్బందిపడినవారు, ఆరోగ్య సమస్యల వల్ల ఒక రోజు శక్తికీ మరో రోజు శక్తికీ పొంతన లేనివారు బరువు గడిని పూర్తిగా తీసేసి, వెళ్లిన తేదీని మాత్రమే రాసుకోవడం మేలు. పోటీలకు సిద్ధమయ్యేవారికి ఇది సరిపోదు. వారికి శిక్షకుడి ప్రణాళిక కావాలి.

వాడకంలో తెలిసిన చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. చెమట పడితే సిరా అలుక్కుపోతుంది, పెన్సిలు రాత చెక్కుచెదరదు. చేతికి రాసుకున్న సుద్దపొడి పేజీల మధ్య చేరి అంచులు పెళుసెక్కుతాయి. కసరత్తు అయ్యాక ఒకసారి దులిపితే చాలు. తీగ చుట్టలతో కుట్టిన పుస్తకం నేల మీద చదునుగా తెరుచుకుంటుంది కానీ, ఎవరి కాలి కిందో పడితే తీగ వంగిపోయి పేజీలు ఊడిపోతాయి. నా రెండో పుస్తకం అలాగే పాడైంది.

ఐదో పుస్తకంలో ఇంకా 28 పేజీలు మిగిలి ఉన్నాయి. ఆరోదాన్ని ఇప్పటికే తెచ్చి, మొదటి ఇరవై పేజీలకు గడులు గీసిపెట్టాను: కసరత్తు, బరువు, రెప్స్, మిగిలిన శక్తి, నిద్ర గంటలు. గత నెల నుంచి కుడి భుజం కాస్త బిగుసుకుంటోంది కాబట్టి ఈసారి ఆరో గడి ఒకటి సన్నగా కలిపాను, నొప్పి ఎక్కడ మొదలైందో రాసుకోవడానికి.