ప్రకటన గ్రంథం చదవడానికి రిఫరెన్సు బైబిలు: ఇరవై ఏళ్ల వాడకం తర్వాత

2003లో కడపలో ఈ తెలుగు రిఫరెన్సు బైబిలు కొన్నాను. అట్ట ఊడిపోతే ఇప్పటికి రెండుసార్లు బైండింగు చేయించాను. అంత్యదినాల తీర్పును గురించిన ప్రవచనాలను, ముఖ్యంగా బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథాన్ని, వచనాల వెంట ఇచ్చిన రిఫరెన్సులు (సంబంధమున్న వేరే వచనాల సూచనలు) పట్టుకుని చదివితే ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ సమీక్ష.

మొదటి ఎనిమిదేళ్లు ఆ రిఫరెన్సుల జోలికి పోలేదు. అప్పుడు నా దగ్గర ఒక పటం ఉండేది. సంఘం (విశ్వాసులు) ఆకాశానికి ఎత్తబడడం, ఏడేళ్ల శ్రమలు, హార్ మెగిద్దోను యుద్ధం, వెయ్యేళ్ల పాలన, ధవళ సింహాసనపు తీర్పు వరుసగా గీసి ఉండేవి. శనివారం మందిరంలో జరిగే బైబిలు తరగతికి దాన్నే తీసుకెళ్లేవాణ్ని. ఎక్కడ భూకంపం వచ్చిందని చదివినా అది ఏ గీత దగ్గర పడుతుందో వెతికేవాళ్లం.

2011లో అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ మే 21 తీర్పు దినమని ప్రకటించాడు. ఆ మాట మా తరగతి దాకా వచ్చింది. వేరుశనగ వేసే ఒక సోదరుడు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, విత్తనకాయలకు డబ్బు కట్టనా, ఆగనా?" అని అడిగాడు. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవని చెప్పే మత్తయి 24వ అధ్యాయం నాకు కంఠతా వచ్చు. అయినా "ఇరవై ఒకటి దాటనీ తమ్ముడూ" అన్నాను. అతను ఆగాడు. ఆలోగా సబ్సిడీ కాయలు అయిపోయాయి. బయట ఎక్కువ ధర పెట్టి కొన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పటాన్ని ఆ వారమే తీసేశాను.

ఆ తర్వాతే రిఫరెన్సులు నాకు పనికొచ్చాయి. ప్రకటన 13వ అధ్యాయంలోని క్రూరమృగానికి చిరుతపులి దేహం, ఎలుగుబంటి పాదాలు, సింహపు నోరు ఉంటాయి. దానియేలు 7 తెరిస్తే ఆ మూడూ అక్కడే విడివిడి మృగాలుగా, విడివిడి రాజ్యాలుగా కనిపిస్తాయి. దూతలు బూరలు ఊదినప్పుడు వచ్చే తెగుళ్లు ఐగుప్తు తెగుళ్ల దగ్గరికి, మిడతలు యోవేలు దగ్గరికి తీసుకెళ్తాయి. రాలిపడే నక్షత్రం పేరు మాచిపత్రి. ఆ చేదు మన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. యిర్మీయాలో దేవుడు తన ప్రజలకే మాచిపత్రి తినిపిస్తానంటాడు. అంటే తీర్పు ముందు తాకేది బయటివాళ్లను కాదు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నన్ను ఎక్కువ కాలం ఆపేసింది మాత్రం ప్రకటన 6వ అధ్యాయంలోని నల్ల గుర్రం. రౌతు చేతిలో త్రాసు. దేనారానికి ఒక సేరు గోధుమలు, లేదా మూడు సేర్ల యవలు (బార్లీ). నూనె, ద్రాక్షారసం పాడుచేయవద్దని ఆజ్ఞ. మత్తయి 20 ప్రకారం దేనారం ఒక రోజు కూలి. మనవాళ్లు సేరు అని రాసిన గ్రీకు కొలత సుమారు లీటరు, అంటే ఒక మనిషికి ఒక రోజు తిండి. రోజంతా పనిచేసినవాడు తన పొట్ట నింపుకుంటే పిల్లలకు మిగలదు. కలవాళ్ల నూనె, ద్రాక్షారసం మాత్రం భద్రం. 1876-78 నాటి ధాత కరువు చూసిన నేల మనది. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీ కరువు పనుల్లో కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా దాకా దిగింది. ఆ వచనం అర్థం కావడానికి రాయలసీమ మనిషికి పటం ఎందుకు?

లోపాలు ఉన్నాయి. అక్షరాలు చాలా చిన్నవి, నలభై దాటాక దీపం కింద కష్టమే. రిఫరెన్సు ఇచ్చిన చోట సంబంధం భావంలో ఉందా, ఉత్త పదంలోనే ఉందా అన్నది మనమే తేల్చుకోవాలి. చరిత్ర అసలు దొరకదు. రోమా చక్రవర్తి నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి ఆ అక్షరాలకున్న అంకెల విలువలు కూడితే క్రూరమృగపు సంఖ్య 666 వస్తుందని, కొన్ని పాత ప్రతుల్లో ఆ సంఖ్య 616గా ఉందని నేను వేరేచోట నేర్చుకోవలసి వచ్చింది. ఏ సంవత్సరం, ఏ దేశం అని వెతికేవారికి ఇది ఎందుకూ పనికిరాదు.

ప్రకటన 18వ అధ్యాయంలో దేవదూత తిరుగటిరాయిలాంటి బండను సముద్రంలో పడవేసి బబులోను ఇలాగే పడిపోతుందంటాడు. రిఫరెన్సు యిర్మీయా 51కి పంపుతుంది. అక్కడ శాపాలు రాసిన గ్రంథానికి రాయి కట్టి యూఫ్రటీసులో వేయమన్న మాట ఉంది. అక్కడినుంచి వెనక్కి చదువుకుంటూ పోయి 32వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. యెరూషలేము పట్టణం చుట్టూ బబులోను సైన్యం. పట్టణం కూలుతుందని చెప్పిన యిర్మీయా ప్రవక్తే చెరసాల ఆవరణలో కూర్చుని, పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి అనాతోతులో పొలం కొన్నాడు. పత్రాన్ని మట్టికుండలో దాయించాడు. 2011లో ఆ సోదరుడికి నేను చూపవలసిన పేజీ ఇది.

మరుసటి ఏడు మే నెలలో తరగతిలో అదే చదివాను. అతను వెనక వరుసలో కూర్చుని విన్నాడు. అందరూ వెళ్లాక వచ్చి, "కుండలో పెట్టిన ఆ పత్రం తర్వాత ఎవరైనా తీసుకున్నారా అన్నా?" అని అడిగాడు. ఇద్దరం యిర్మీయా చివరిదాకా పేజీలు తిప్పాం. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. విత్తనకాయలకు అప్పటికే డబ్బు కట్టానని చెప్పి సైకిలెక్కాడు.