పశువైద్యంలో పీజీ: గన్నవరమా, ఇజ్జత్‌నగరా? ఏది మేలు?

గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో పశువైద్య డిగ్రీ (బీవీఎస్సీ) ముగించే విజయవాడ, గుంటూరు పిల్లలకు పీజీ (ఎంవీఎస్సీ) అక్కడే చేయాలా, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ప్రవేశ పరీక్ష రాసి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు వెళ్లాలా అన్నది తేలని ప్రశ్న. పేరును బట్టి చూస్తే, 1889లో పుణెలో మొదలై ఇజ్జత్‌నగర్‌కు చేరిన భారతీయ పశువైద్య పరిశోధన సంస్థదే పైచేయి. అయితే పేరుకంటే ముందు, రేపు చేయబోయే పనేమిటో చూసుకోవాలి.

చూడి, ఈత సమస్యల చికిత్స నేర్వదలిస్తే నా ఓటు గన్నవరానికే. కృష్ణా డెల్టాలో పాడికి గేదే ఆధారం. నిండు చూడి గేదెల్లో గర్భసంచి మెలిపడటం తరచుగా ఎదురవుతుంది. "పొద్దున్నుంచి నొప్పులు పడుతోంది, నీటి సంచి మాత్రం కనపడలేదండీ" అని రైతు చెప్పగానే అనుమానం రావాలి. లోపలికి చేయి పెట్టి మెలి ఎటు పడిందో గుర్తించి, గేదెను పడుకోబెట్టి, పొట్టపై చెక్క పలక ఆనించి దానిపై మనిషిని నిలబెట్టి, మెలి పడిన వైపుకే దొర్లించాలి; వైపు తప్పితే అది మరింత బిగుస్తుంది. ఇజ్జత్‌నగర్‌కు గేదెలు రాకపోవు గానీ, ఈ రైతు మాట అక్కడ వినపడదు.

ఆధునిక సాంకేతికత కోసం ఉత్తరాదికే పోవాలన్నదీ సగం నిజమే. గుంటూరు పక్కనున్న లాం పశు పరిశోధన స్థానంలో ఒంగోలు జాతిపై పిండమార్పిడి పని జరుగుతోంది. ఆవు అండాశయం నుంచి అల్ట్రాసౌండ్ సాయంతో సూదితో అండాలను తీసి, ప్రయోగశాలలో ఫలదీకరించి, సుమారు 7 రోజులు పెంచిన పిండాన్ని వేరే ఆవు గర్భంలో పెట్టే విద్య ఇది.

వైరాలజీ (వైరస్‌ల అధ్యయనం), టీకాల తయారీ అయితే మరో ఆలోచన అక్కర్లేదు, ఇజ్జత్‌నగరే. గొర్రెలు, మేకలకు వచ్చే పీపీఆర్ అనే వైరస్ వ్యాధికి వాడే సుంగ్రీ 96 టీకా ఆ సంస్థకు చెందిన ముక్తేశ్వర్ కేంద్రంలో తయారైంది; పశువుల చర్మంపై గడ్డలు లేపే లంపీ స్కిన్ వ్యాధికి 2022లో వెలువడిన టీకాలో హిసార్ అశ్వ పరిశోధన కేంద్రంతో పాటు ఇజ్జత్‌నగర్ సంస్థకూ భాగముంది.

ఎటూ తేల్చుకోలేనివారు గన్నవరంలో ఎంవీఎస్సీ చేసి, పీహెచ్‌డీకి ఇజ్జత్‌నగర్‌కో హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థకో వెళ్లవచ్చు. చేరేముందు ఆయా విభాగాల పాత థీసిస్‌లు తిరగేసి, నమూనాలు ఎన్ని పశువుల నుంచి, ఏయే ఊళ్ల నుంచి తెచ్చారో చూడటం మంచిది.