విశాఖపట్నం తరగతి డిస్ట్రాయర్లు: చూపు పదునే, అమ్ములపొదే చిన్నది

తీర్పు ముందే చెప్పేయొచ్చు. భారత నౌకాదళానికి ప్రాజెక్ట్ 15బి కింద వచ్చిన ఈ నాలుగు డిస్ట్రాయర్లకు శత్రునౌకను కొట్టే విషయంలో వంక పెట్టలేం. ఆకాశంలో వచ్చేదాన్ని పసిగట్టడంలోనూ అంతే. చిక్కల్లా పసిగట్టిన తర్వాతే. వచ్చినవాటన్నిటినీ కూల్చేందుకు సరిపడా క్షిపణులు ఓడలో లేవు. 7,400 టన్నుల యుద్ధనౌకలో ఇది సర్దుకుపోదగ్గ లోటు కాదు.

కొత్తవారి కోసం క్లుప్తంగా కొన్ని వివరాలు. నాలుగూ ముంబైలోని మజగావ్ డాక్‌లో కట్టినవే. ఐఎన్ఎస్ విశాఖపట్నం 2021 నవంబరు 21న, మోర్ముగావ్ 2022 డిసెంబరు 18న, ఇంఫాల్ 2023 డిసెంబరు 26న, సూరత్ 2025 జనవరి 15న నౌకాదళంలో చేరాయి. పొడవు 163 మీటర్లు, వెడల్పు 17.4 మీటర్లు. వేగం 30 నాట్ల పైమాటే, అంటే గంటకు 55 కిలోమీటర్లు దాటుతుంది. హల్, అంటే ఓడ అడుగు కట్టడం, దాదాపుగా అంతకు ముందొచ్చిన కోల్‌కతా తరగతిదే. మాస్ట్ (రాడార్లు మోసే స్తంభం), బ్రిడ్జి (ఓడను నడిపే గది) అమరిక మార్చి, శత్రు రాడార్‌కు తక్కువగా కనబడేలా పైభాగాన్ని తీర్చారు. స్టీలు డీఎంఆర్ 249ఎ రకం, హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ రూపొందించినది. అన్నట్టు, విశాఖ పేరు మోస్తున్న ఓడ మకాం విశాఖలో కాదు, ముంబైలోని పశ్చిమ నౌకాదళంలో.

ముందు మంచి సంగతి. ఎనిమిదేసి గొట్టాల లాంచర్లు రెండు, వాటిలో ఓడలను కొట్టే బ్రహ్మోస్ క్షిపణులు మొత్తం 16. ధ్వని వేగానికి 2.8 రెట్లంటే సెకనుకు దాదాపు 950 మీటర్లు. సముద్రానికి నాలుగైదు మీటర్ల ఎత్తున దూసుకొచ్చే క్షిపణి ఓడ రాడార్‌కు కనబడేది 25-30 కిలోమీటర్ల దూరంలోకి వచ్చాకే. భూమి వంపు అంతకు ముందు దాన్ని చూడనివ్వదు. కాబట్టి బ్రహ్మోస్ కంటబడ్డాక అవతలి ఓడకు మిగిలేది అర నిమిషం. క్షిపణి నిట్టనిలువుగా లేచి దిక్కు తిరుగుతుంది గనక ప్రయోగించే ఓడ గురి వైపు మళ్లాల్సిన పని కూడా లేదు. తొలి రోజుల్లో 290 కిలోమీటర్లుగా ఉన్న పరిధిని 2016లో భారత్ క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ కూటమి ఎంటీసీఆర్‌లో చేరాక పెంచారు. ఆ పెంచిన పరిధి రకాన్ని ఇంఫాల్ నౌకాదళంలో చేరకముందే, 2023 నవంబరులో ప్రయోగించింది.

ఇదే లెక్కను మన ఓడ వైపు తిప్పి చూస్తే అసలు విషయం తేలుతుంది. మాస్ట్ మీద నాలుగు పక్కలా బిగించిన పలకలు ఇజ్రాయెల్ ఎంఎఫ్-స్టార్ రాడార్‌వి. తిరిగే రాడార్ ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఒకే దిక్కును మళ్లీ చూడలేదు; ఐదు సెకన్లకొక చుట్టు తిరిగేదైతే, ఆ ఐదు సెకన్లలో బ్రహ్మోస్‌లాంటి క్షిపణి దాదాపు ఐదు కిలోమీటర్లు దగ్గరికొచ్చేస్తుంది. ఈ పలకలు తిరగవు, నాలుగు దిక్కులూ ఎప్పుడూ చూస్తూనే ఉంటాయి. శత్రువును వెతకడం, వెంటాడటం, మన క్షిపణికి దారి చెప్పడం, మూడూ ఈ రాడార్ పనులే. దానికి జోడీ, ఆకాశంలో వచ్చేవాటిని కూల్చే బరాక్-8. 70 కిలోమీటర్ల పైచిలుకు పరిధి ఉన్న ఈ క్షిపణిని హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్, ఇజ్రాయెల్ సంస్థ ఐఏఐ కలిసి తయారుచేశాయి. మోటారు రెండు విడతలుగా మండుతుంది. రెండో విడతను చివరి క్షణాలకు దాచుకోవడం వల్ల, గురి మెలికలు తిరిగినా వెంటపడేందుకు క్షిపణికి ఊపు మిగులుతుంది. ముక్కులో సొంత రాడార్ ఉంది గనక చివర్లో ఓడ చేయి పట్టి నడిపించక్కర్లేదు, ఒకేసారి అనేక గురుల మీద ప్రయోగించవచ్చు.

మరి పరిధి 70 దాటి ఉన్నా, నీటిని రాసుకుంటూ వచ్చే క్షిపణి 30 కిలోమీటర్లలోపు గాని కనబడనప్పుడు ఆ మిగతా దూరం ఎందుకు? దీనికి జవాబే ఓడల మధ్య సహకార ప్రయోగం. ఒక ఓడ చూస్తుంది, ఇంకో ఓడ కొడుతుంది. కోల్‌కతా తరగతికి చెందిన కోచి, చెన్నై ఓడలు 2019లో దీన్ని చేసి చూపించాయి. 2025 ఏప్రిల్‌లో సూరత్ నీటిని రాసుకుంటూ వచ్చే గురిని ఇదే పద్ధతిలో కూల్చింది. ఈ తరగతిని ఒంటరిగా పంపితే బరాక్ పరిధిలో సగం పైగా వృథా అని దీన్నిబట్టే అర్థమవుతుంది. జంటగానో, ఎత్తున ఎగిరే హెలికాప్టర్ తోడుతోనో పంపాలి.

ఇక సెల్స్, అంటే క్షిపణి గొట్టాల సంగతి. బరాక్-8 గొట్టాలు 32. ఒక్కో గొట్టానికి ఒకటే క్షిపణి. ప్రమాదకరమైన గురి మీదకు రెండేసి వదలడం మామూలు పద్ధతి అనుకుంటే, పదహారు గురులతో పొది ఖాళీ. బ్రహ్మోస్ గొట్టాల్లో బరాక్ పెట్టుకుందామా అంటే కుదరదు. రెండూ వేర్వేరు లాంచర్లు. అమెరికా ఎంకే 41 గొట్టంలోనైతే అవసరాన్ని బట్టి రకరకాల క్షిపణులు నింపుకోవచ్చు. అమెరికా డిస్ట్రాయర్లైన ఆర్లీ బర్క్ తరగతిలో అలాంటివి 90 నుంచి 96 దాకా, చైనా 052డి తరగతిలో 64. మనకు అన్నీ కలిపి 48, అవీ రెండు జాతులు. ఖాళీ అయిన గొట్టాలను నింపాలంటే రేవుకు చేరి క్రేన్ కింద నిలబడాలి. 2023 అక్టోబరు 19న ఎర్రసముద్రంలో అమెరికా డిస్ట్రాయర్ యూఎస్ఎస్ కార్నీ మీదుగా యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు కొన్ని గంటల వ్యవధిలో డజనుకు పైగా డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులు వదిలారు. అలాంటి రోజు ఒకటి 15బికి ఎదురైతే నెగ్గుతుంది, అందులో సందేహం లేదు. మర్నాడు కూడా అదే జరిగితేనే కష్టం.

అందుకే తుపాకుల మీద కొంచెం ఆగి మాట్లాడాలి. మొదట్లో ఈ తరగతికి 127 మి.మీ. తుపాకీ అనుకున్నారు. ఆ కొనుగోలు తెమలక హరిద్వార్ బీహెచ్ఈఎల్ తయారుచేసే 76 మి.మీ. సూపర్ రాపిడ్‌తోనే సరిపెట్టారు. తీరం మీద కాల్పులకైతే ఇది తక్కువే: 127 గుండు బరువు 30 కిలోల పైన, 76 గుండు ఆరు కిలోలు. కానీ నిమిషానికి 120 గుండ్లు వదిలే ఈ తుపాకీ డ్రోన్లకు సరైన మందు. చవక డ్రోన్ మీద ఖరీదైన బరాక్ వృథా చేయకుండా కాపాడేది ఇదే. నా లెక్కలో ఆ కొనుగోలు కుదరకపోవడం ఓడకు కలిసొచ్చింది. చివరి రక్షణగా ఆరేసి గొట్టాల ఏకే-630లు నాలుగున్నాయి. వాటి పని నాలుగు కిలోమీటర్లలోపే. బ్రహ్మోస్ వేగంతో వచ్చేది ఆ దూరాన్ని నాలుగు సెకన్లలో దాటుతుంది. దాన్ని గుండు తాకినా ముక్కలు అదే ఊపులో ఓడకు తగిలే ప్రమాదం ఉంది.

జలాంతర్గాముల వేటలో పరికరాల జాబితా నిండుగానే కనిపిస్తుంది: నీటిలో శబ్దంతో వెతికే హంసా-ఎన్‌జీ సోనార్, 533 మి.మీ. టార్పెడో గొట్టాలు నాలుగు, పన్నెండేసి గొట్టాల రాకెట్ లాంచర్లు రెండు. అయితే సోనార్ ఎంత మంచిదైనా హల్‌కు బిగించినదైతే నీటి పొరల ముందు తలొంచక తప్పదు. బంగాళాఖాతమే తీసుకోండి. గంగ, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్లతో పైపొరలో ఉప్పు తక్కువ. దాని కింద నీటి గుణం మారేచోట శబ్దం వంగిపోతుంది. ఆ పొర కింద నక్కిన జలాంతర్గామి పైనున్న ఓడ చెవిన పడటం కష్టం. సోనార్‌ను తాడుతో పొర కిందికి దించగల హెలికాప్టరే దీనికి మందు. ఓడలోని హ్యాంగర్‌లో అలాంటి హెలికాప్టర్లు రెండింటికి చోటుంది. కాబట్టి ఈ ఓడ జలాంతర్గామిని వేటాడగలదా అని అడిగేవారు ముందు ఆ రోజు హ్యాంగర్‌లో జలాంతర్గాములను వేటాడే ఎంహెచ్-60ఆర్ హెలికాప్టర్ ఉందో లేదో అడగాలి.

ఇంజన్లు నాలుగు గ్యాస్ టర్బైన్లు, ఉక్రెయిన్‌లోని మైకొలాయివ్‌లో జోర్యా-మాష్‌ప్రోయెక్ట్ తయారీ. డీజిల్‌తో పోలిస్తే బరువు తక్కువ, నిమిషాల్లో వేగం అందుకుంటాయి. పూర్తి లోడు దగ్గర పొదుపే గానీ, మెల్లగా నడిపితే ఇంధనం తాగేస్తాయి. గస్తీలో కొన్నిటిని ఆపేసి మిగతావాటి మీద లోడు వేయడం అందుకే. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలై ఆ ఊరే యుద్ధరంగమయ్యాక విడిభాగాల బెంగ మొదలైంది. ఓవర్‌హాల్ వరకు మనకు విశాఖలో ఐఎన్ఎస్ ఏక్సిలా ఉంది. మెరైన్ గ్యాస్ టర్బైన్లను విప్పి బాగుచేయడమే ఆ కేంద్రం పని. అయితే ఓవర్‌హాల్ చేతిలో ఉన్నంత మాత్రాన కొత్త బ్లేడ్లు వచ్చేయవు.

సిబ్బంది కోణంలో మంచి మార్కులే వేయాలి. అణు, జీవ, రసాయన దాడుల వాతావరణంలోనూ పనిచేసేలా ఓడను కట్టారు. ఇంఫాల్‌లో మహిళా అధికారులకు, నావికులకు ప్రత్యేక వసతి మొదటి నుంచే డిజైన్‌లో ఉంది. పనితనానికి గీటురాయి కావాలంటే 2024 జనవరి 26 చూడండి. గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు హౌతీ క్షిపణి తగిలి మంటలు లేచాయి. సిబ్బందిలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. ఐఎన్ఎస్ విశాఖపట్నం నుంచి పదిమంది అగ్నిమాపక బృందం పరికరాలతో సహా ఆ ఓడెక్కి, దాని సిబ్బందితో కలిసి మంటలు ఆర్పింది. అంతకు ముందు నెలలో కెమ్ ప్లూటో అనే వాణిజ్య నౌక మీద డ్రోన్ దాడి జరిగాక అరేబియా సముద్రంలో గస్తీకి పంపినవాటిలో మోర్ముగావ్ కూడా ఉంది. 30 నాట్ల వేగం, పెద్ద డెక్, హెలికాప్టర్, సరిపడా మనుషులు ఉంటే యుద్ధం కాని పనులకూ ఓడ ఎలా అక్కరకొస్తుందో ఇక్కడ తెలిసింది.

డెలివరీ విషయానికొస్తే మొదటి రెండు ఓడలకు చీవాట్లు, చివరిదానికి శెభాష్. ఒప్పందం 2011 జనవరిలో, నాలుగింటికీ కలిపి 29 వేల కోట్ల రూపాయలకు పైనే. విశాఖపట్నం జలప్రవేశం 2015 ఏప్రిల్ 20న. నౌకాదళంలో చేరడానికి ఇంకో ఆరేళ్ల ఏడు నెలలు పట్టింది. మోర్ముగావ్‌కు ఆరేళ్ల మూడు నెలలు, ఇంఫాల్‌కు నాలుగేళ్ల ఎనిమిది నెలలు. 2022 మే 17న నీటిలోకి దిగిన సూరత్‌కు రెండేళ్ల ఎనిమిది నెలలే. బ్లాకులు విడిగా కట్టి, పైపులు, కేబుళ్లు వీలైనంత ముందే బిగించి, ఆ తర్వాత అతికించే పద్ధతి యార్డుకు బాగా అలవాటైంది. హల్ నీటిలో తేలాక ఇరుకు గదుల్లో కేబుల్ లాగడం కంటే, బ్లాకు నేల మీద ఉండగానే లాగేయడం ఎంతో సులువు. తీరా ఆ చేయి తిరిగేసరికి తరగతిలో ఓడలు అయిపోయాయి. సూరత్‌ను అప్పగించేనాటికి మజగావ్ డాక్ చేతిలో మరో డిస్ట్రాయర్ ఆర్డర్ లేదు.