టోన్.జేఎస్‌తో మూడేళ్లు, ఒక మోహనం

జావాస్క్రిప్ట్‌తో సంగీతం పుట్టించే టోన్.జేఎస్ లైబ్రరీని మూడేళ్లుగా వాడుతున్నాను. ఆర్.కె. బీచ్‌లో నడిచి ఎం.వి.పి. కాలనీలోని ఇంటికి వచ్చాక వినడానికి, ఏ రోజుకారోజు కొత్తగా సాగే మోహన రాగం కావాలనిపించి మొదలుపెట్టాను.

మొదటి నెల నిరాశే మిగిలింది. సి4, ఇ4 అని స్వరాల పేర్లు రాస్తే పలికేది పియానో శ్రుతి. వీణ వాయించే మా పెద్దమ్మ విని, "గాంధారం కాస్త ఎక్కువగా పలుకుతోందిరా" అన్నారు. ఆవిడ చెవి నిజమే చెప్పింది. పియానో శ్రుతిలో మోహనంలో వచ్చే అంతర గాంధారం దాని సహజ స్థానం కన్నా దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు) పైన ఉంటుంది. ఈ లైబ్రరీ పేర్లకు బదులు హెర్ట్జ్‌లలో ఇచ్చినా తీసుకుంటుంది. షడ్జమం 240, రిషభం 270, గాంధారం 300, పంచమం 360, ధైవతం 400 అని రాశాను. ఆ సాయంత్రం పెద్దమ్మ మాట్లాడకుండా చాలాసేపు కూర్చుని విన్నారు.

స్వరాలు కుదిరినంత మాత్రాన రాగం రాదు. పాచికలు వేసినట్టు ఎంచుకుంటే ఐదు స్వరాల గలగలే వినిపిస్తుంది. ఏ స్వరం తర్వాత ఏది ఎంత తరచుగా రావాలో, ఎక్కడ ఆగాలో పట్టిక మనమే రాయాలి. హిందుస్తానీలో భూప్, దేశ్‌కార్ అనే రాగాలు రెండింటికీ ఇవే స్వరాలు. భూప్‌లో గాంధారానిది పెద్దపీట, దేశ్‌కార్‌లో ధైవతానిది. పట్టికలో ధైవతం వాటా పెంచి చూస్తే నా మోహనం ముఖకవళికలే మారిపోయాయి! వారాల తరబడి ఆ అంకెలతోనే గడిపాను.

లైబ్రరీ అసలు బలం కాలం. జావాస్క్రిప్ట్‌లోని మామూలు టైమర్ సెట్‌టైమ్‌అవుట్‌తో నడిపితే పేజీకి వేరే పని తగలగానే తాళం తడబడుతుంది. టోన్.జేఎస్ స్వరాన్ని 0.1 సెకను ముందే ఆడియో గడియారానికి అప్పగిస్తుంది. లైబ్రరీ మన ఫంక్షన్‌కు పంపే సమయాన్ని స్వరానికి తప్పక అందించాలి. మొదట్లో నేను దాన్ని వదిలేసి, తప్పు ఎక్కడుందో తెలియక రోజులు వెతికాను.

బ్రౌజర్లో బటన్ నొక్కించి టోన్.స్టార్ట్ అనే ఫంక్షన్‌ను పిలిస్తేనే శబ్దం మొదలవుతుంది.

గమకాల దగ్గర, అంటే స్వరాన్ని జార్చి, ఊపి పలికించే చోట మాత్రం తృప్తి లేదు. జారుకు లైబ్రరీలోని పోర్టమెంటో (ఒక స్వరం నుంచి మరోదానికి జారడం) పనికొస్తుంది. స్వరాన్ని ఊపే కంపితానికి వైబ్రాటో (శ్రుతిని అటూ ఇటూ ఊపే ఎఫెక్ట్) పెడితే ఊపు మరీ సమంగా ఉండి ప్రాణం కనిపించదు. ఆ వంపులను నేనే ఒక్కొక్కటిగా రాసుకుంటున్నాను. రాగం తెలిసి, ఓపిక ఉన్నవారికి ఈ లైబ్రరీని ధైర్యంగా చెబుతాను.

పెద్దమ్మ కోరితే తంబురా కూడా చేర్చాను, నాలుగు తీగలు హెర్ట్జ్‌లలో: 180, 240, 240, 120. మంద్రం తీగ నాదం ఇంకా పలుచగా ఉందంటున్నారు. ఈ వారం దాని మీదే కూర్చున్నాను.