థయోఎస్టరేజ్‌ను కొలవాలంటే డీటీఎన్‌బీనా, 232 నానోమీటర్లా?

వరంగల్‌లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ప్రాజెక్టులు మొదలైతే నాకు ఈ ప్రశ్న తప్పదు. "అన్నా, పామిటాయిల్ కోఎ తెప్పించినం, దేంతో కొలవాలె?" పామిటాయిల్ కోఎ అంటే కోఎన్‌జైమ్ ఎ (కోఎ)కు గంధకం ద్వారా కొవ్వు ఆమ్లం అతుక్కున్న అణువు, ఆ అతుకే థయోఎస్టర్ బంధం. దాన్ని తెంపే ఎంజైమ్ థయోఎస్టరేజ్. అది తెంపగానే థయోఎస్టర్ పోతుంది, కోఎ విడిగా బయటికొస్తుంది. పోయే థయోఎస్టర్‌ను స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 232 నానోమీటర్ల కాంతి దగ్గర చూడొచ్చు. వచ్చే కోఎను డీటీఎన్‌బీతో (థయోల్, అంటే -SH ఉన్న అణువు, తగిలితే పసుపెక్కే రసాయనం) పసుపు రంగుగా 412 దగ్గర చూడొచ్చు.

10 మైక్రోమోలార్ కోఎ విడుదలైతే 412 దగ్గర రీడింగ్ (ఎంత కాంతిని మింగిందన్న లెక్క) సుమారు 0.14 పెరుగుతుంది. 232 దగ్గర తగ్గేది దాదాపు 0.045. పైగా దానికి క్వార్ట్జ్ క్యూవెట్ (శాంపిల్ పోసే చిన్న పాత్ర) కావాలి, అది చేయి జారిందంటే ల్యాబ్‌లో మూడు రోజులు ఎవరూ మాట్లాడరు.

నా లెక్కలో తేల్చేది మాత్రం శాంపిలే. చాలామంది కుమార్‌పల్లి మార్కెట్ నుంచి మేక కార్జం తెచ్చి రుబ్బుతారు. కార్జంలో గ్లూటాథయోన్ అనే థయోల్ మిల్లీమోలార్లలో ఉంటుంది. డీటీఎన్‌బీకి గ్లూటాథయోనైనా కోఎ అయినా ఒకటే, పసుపెక్కుతుంది. నేనైతే ఒకసారి బఫర్‌లో మెర్‌కాప్టోఇథనాల్ (ఇదీ థయోలే) ఉందన్న సంగతే మరిచి, వేయగానే వచ్చిన పసుపు చూసి ఎంజైమ్ అదరగొడుతోందని గంటసేపు సంబరపడ్డాను.

అలాగని 232కి పోతే? ప్రొటీన్లు, న్యూక్లియోటైడ్లు అన్నీ అక్కడ కాంతిని మింగుతాయి. రీడింగ్ 2 దాటి ఊగుతుంటే అందులో 0.045 ఏం కనిపిస్తుంది? గ్లూటాథయోన్‌ను డయాలిసిస్‌తో (చిన్న అణువులను మాత్రమే దాటనిచ్చే పొరతో) వదిలించుకోవచ్చు. ప్రొటీన్‌ను వదిలించుకుంటే ఎంజైమే పోతుంది.

అందుకే కార్జంతో చేసేవాళ్లకు డీటీఎన్‌బీయే చెబుతాను. రాత్రంతా చల్లగా డయాలిసిస్ పెట్టండి, ఆ బఫర్‌లో డీటీటీ, మెర్‌కాప్టోఇథనాల్ లాంటి థయోల్స్ వద్దు. పీహెచ్ 8 దాటనివ్వకండి, దాటితే డీటీఎన్‌బీ తనంతట తానే విరుగుతుంది. ఎంజైమ్, డీటీఎన్‌బీ కలిపాక రీడింగ్ నిలకడయ్యేదాకా ఆగండి. ప్రొటీన్లలోని సిస్టీన్లకూ థయోల్ ఉంటుంది, వాటి వంతు అప్పటికి అయిపోతుంది. ఆ తర్వాతే పామిటాయిల్ కోఎ వేయండి. బీఎస్‌ఏ (ఆవు సీరమ్ ఆల్బుమిన్ ప్రొటీన్) కలిపేవాళ్లు పోల్చి చూసే బ్లాంక్‌లోనూ అంతే వేయాలి, అందులోనూ ఒక విడి సిస్టీన్ ఉంది.

శుద్ధి చేసిన ఎంజైమ్ చేతిలో ఉండి, అది డీటీఎన్‌బీ తగిలితే చచ్చిపోయే రకమైతే హాయిగా 232 వాడుకోండి. పీహెచ్ తక్కువ కావాలంటే డీటీఎన్‌బీ బదులు 4,4'-డైథయోడైపిరిడీన్ ఉంది, 324 దగ్గర చదవాలి. హెచ్‌పీఎల్‌సీ (అణువులను విడదీసి కొలిచే యంత్రం) మంచిదే, కాకపోతే ఒక్కో టైమ్ పాయింట్‌కు ఒక్కో రన్. క్యూలో మీ వంతు వచ్చేసరికి సబ్మిషన్ తేదీ దాటిపోతుంది.